రాత్రిపూట ఆగిపోయే పోర్టులు, 16 కిలోమీటర్ల ఫైబర్: కొనేముందు వేయవలసిన లెక్క

ప్రశ్న: అనంతపురం జిల్లాలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో నెట్‌వర్క్ పనులు చూస్తున్నాను. మా హాస్టల్‌లో 24 పోర్టుల పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్ మీదే పరికరాలకు విద్యుత్ కూడా ఇచ్చేది) ఒకటి ఉంది. ఒక్కో పోర్టుకు 30 వాట్లు, మొత్తం పీఓఈ బడ్జెట్ 370 వాట్లు అని దాని డేటాషీట్‌లో ఉంది. దానికి 14 వైఫై యాక్సెస్ పాయింట్లు, 6 డోమ్ కెమెరాలు, 2 పీటీజెడ్ (అటూ ఇటూ తిరిగే) కెమెరాలు, 2 ఐపీ ఫోన్లు కలిపాము. పగలంతా బాగానే ఉంటుంది. చీకటి పడ్డాక ఒకటి రెండు యాక్సెస్ పాయింట్లు ఆగిపోయి, తెల్లవారాక వాటంతట అవే వస్తున్నాయి. స్విచ్ పాడైందనీ, 48 పోర్టులది కొనమనీ సరఫరాదారు అంటున్నారు. మా రెండో ప్రాంగణం 16 కిలోమీటర్ల దూరంలో ఉంది. అద్దెకు తీసుకున్న రెండు ఫైబర్ కోర్ల మీద 10 కిలోమీటర్ల మాడ్యూళ్లతో (ఫైబర్‌లోకి కాంతిని పంపి, అందుకునే పరికరాలు) 1 గిగాబిట్ లింకు నడుపుతున్నాము. రోడ్డు వెడల్పు పనుల్లో కేబుల్ తెగి, అతికించిన నాటి నుంచి లింకు అప్పుడప్పుడు పడిపోతోంది. స్విచ్‌లో చూస్తే అవతలి వైపు పంపే కాంతి −6.0 డీబీఎం, మా వైపు అందే కాంతి −17.4 డీబీఎం అని కనిపిస్తోంది. ఈ లింకును 10 గిగాబిట్‌కు పెంచాలనుకుంటున్నాము. 80 కిలోమీటర్ల మాడ్యూళ్లు వేస్తే ఇక ఏ ఇబ్బందీ ఉండదని కొటేషన్ వచ్చింది. సర్వర్ గదిలోని ప్రధాన స్విచ్‌కు రెండు పవర్ సప్లైలు ఉన్నాయి, రెండింటినీ ఒకే యూపీఎస్‌కు కలిపాము. హాస్టల్‌కు రెండు గంటల బ్యాకప్ కావాలి. దేనికి ఎంత పెట్టుకోవాలో లెక్క చెప్పగలరా? పరికరాల డేటాషీట్లు జతచేస్తున్నాను.

సమాధానం: మీ స్విచ్ పాడైందనడానికి మీ ఉత్తరంలో ఆధారమేమీ లేదు. 80 కిలోమీటర్ల మాడ్యూళ్లు మీ లింకుకు మేలు చేయకపోగా కీడు చేస్తాయి. రెండు సలహాలూ లెక్క వేయకముందే వచ్చినవి. వాట్ల లెక్కయినా, డెసిబెళ్ల లెక్కయినా పద్ధతి ఒక్కటే: ఇచ్చేవైపు ఖాయంగా ఇవ్వగలిగిన కనిష్ఠాన్ని, తీసుకునేవైపు ఎప్పుడైనా అడగగల గరిష్ఠాన్ని పక్కపక్కన పెట్టి, ఎంత మిగులుతుందో చూడాలి. ఫైబర్ విషయంలో ఇదే లెక్కను తిరగేసి మరోసారి కూడా వేయాలి, ఎందుకంటే అక్కడ తక్కువైనా ప్రమాదమే, ఎక్కువైనా ప్రమాదమే. ఆ సంగతి తరువాత చెబుతాను.

ముందు హాస్టల్ స్విచ్. ఒక్కో పోర్టుకు 30 వాట్లు అనే మాటను చూసి 24 పోర్టులకూ 720 వాట్లు దొరుకుతాయని అనుకోవడం సహజం. కానీ ఆ 30 వాట్లు ఏ ఒక్క పోర్టైనా విడిగా తీసుకోగల గరిష్ఠం మాత్రమే. అన్ని పోర్టులూ కలిసి తీసుకోగలిగినది 370 వాట్లు, అంటే దాదాపు సగం. ఇందులో మోసమేమీ లేదు. అన్ని పోర్టుల్లోనూ ఒకేసారి పూర్తి భారం ఉండదన్న అంచనాతోనే తయారీదారులు పవర్ సప్లై పెడతారు. ఆ అంచనా మీ హాస్టల్‌కు సరిపోతుందో లేదో చూసుకోవలసిన పని కొనేవారిది.

రెండో విషయం, స్విచ్ ఇచ్చే వాట్లూ పరికరానికి అందే వాట్లూ ఒకటి కావు. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ ప్రమాణంలో స్విచ్ 15.4 వాట్లు ఇస్తే పరికరానికి 12.95 వాట్లు అందుతాయని లెక్క. 2009 నాటి 802.3ఏటీలో 30కి 25.5 వాట్లు. 2018 నాటి 802.3బీటీలో 60కి 51 వాట్లు, 90కి 71.3 వాట్లు. మధ్యలో పోయేది 100 మీటర్ల కేబుల్‌లో వేడిగా మారేదే. పరికరం డేటాషీట్‌లో ఉండే అంకె సాధారణంగా పరికరం దగ్గరిది, స్విచ్ బడ్జెట్ మాత్రం స్విచ్ దగ్గరిది. కాబట్టి కూడేముందు ఆ తేడాను కలుపుకోవాలి. మీ హాస్టల్‌లో వాడిన కేబుల్ పూర్తి రాగిదేనా అన్నది కూడా ఒకసారి చూడండి. బజారులో చవకగా దొరికే, అల్యూమినియం తీగ మీద రాగి పూత పూసిన కేబుల్‌కు విద్యుత్ నిరోధం సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది, నష్టమూ ఆ మేరకు పెరుగుతుంది. పెట్టె మీద క్యాట్-6 అని ముద్ర ఉన్నంత మాత్రాన అది ప్రమాణానికి సరిపోయిన కేబుల్ కాదు.

ఇప్పుడు మీ డేటాషీట్ల అంకెలు తీసుకుందాం. యాక్సెస్ పాయింట్ గరిష్ఠంగా 17 వాట్లు తీసుకుంటుంది, కేబుల్ నష్టం ఒక వాటు కలిపితే స్విచ్ దగ్గర 18 వాట్లు, 14 పాయింట్లకు 252 వాట్లు. డోమ్ కెమెరా పగలు 5 వాట్లతో సరిపెట్టుకున్నా రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగాక 9 వాట్లు అడుగుతుంది. నష్టంతో 9.5 అనుకుంటే ఆరింటికి 57 వాట్లు. పీటీజెడ్ కెమెరా దీపాలు వెలిగించుకుని తిరుగుతున్నప్పుడు 24 వాట్లు అడుగుతుంది. అవి ప్రహరీ దగ్గర ఉంటాయి కాబట్టి కేబుల్ పొడవు ఎక్కువే ఉంటుంది, ఒక్కోదానికి 27 చొప్పున రెండింటికి 54 వాట్లు పెట్టుకోవాలి. ఫోన్లకు 6 చొప్పున 12 వాట్లు. అన్నీ కూడితే 375 వాట్లు అవుతుంది. మీ బడ్జెట్ 370.

ఇదే లెక్క పగటికి వేసి చూడండి. విద్యార్థులు తరగతుల్లో ఉన్నప్పుడు యాక్సెస్ పాయింట్ ఒక్కోటి 11 వాట్లకు మించదనుకుంటే 154 వాట్లు, దీపాలు వెలగని కెమెరాలన్నీ కలిసి 60 వాట్ల చుట్టూ, ఫోన్లు 8 వాట్లు, మొత్తం 225కు కూడా చేరదు. చీకటి పడగానే రెండూ ఒకేసారి జరుగుతున్నాయి: కెమెరాల దీపాలు వెలుగుతున్నాయి, హాస్టల్‌కు తిరిగి వచ్చిన విద్యార్థులు యాక్సెస్ పాయింట్లను పూర్తి భారానికి తీసుకువస్తున్నారు. వాడకం బడ్జెట్‌ను దాటగానే స్విచ్ ఏదో ఒక పోర్టుకు విద్యుత్ ఆపేస్తుంది. అన్ని పోర్టులకూ ఒకే ప్రాధాన్యం ఉన్నప్పుడు చాలా స్విచ్‌లు పెద్ద సంఖ్య గల పోర్టును ముందుగా వదులుకుంటాయి. మీ దగ్గర ఆగిపోతున్నవి ఎప్పుడూ చివరి పోర్టుల మీదివే అయితే ఈ నిర్ధారణకు ఇంకేమీ అక్కరలేదు. తెల్లవారి దీపాలు ఆరగానే మళ్లీ చోటు దొరుకుతుంది, పోర్టు తిరిగి వస్తుంది. స్విచ్ లాగ్‌లో ఆ సమయాలకు విద్యుత్ నిరాకరించినట్టు నమోదై ఉంటుంది, ఆ వరుసలు కాగితం మీదికి తీసుకుని సరఫరాదారుకు చూపించండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని స్విచ్‌లు పరికరం నిజంగా తీసుకునే వాట్లను కాక, పరికరం చెప్పుకునే తరగతిని బట్టి చోటు కేటాయిస్తాయి. మీ యాక్సెస్ పాయింట్లు నాలుగో తరగతివి. ఆ పద్ధతిలో ఒక్కోదానికి 30 వాట్లు పక్కన పెడితే 14 పాయింట్లకే 420 కావాలి, అంటే పట్టపగలు కూడా కొన్ని లేవకూడదు. మీకు పగలు అన్నీ పనిచేస్తున్నాయి కాబట్టి మీ స్విచ్ వాస్తవ వాడకాన్ని బట్టి లేదా ఎల్‌ఎల్‌డీపీ అనే సందేశ పద్ధతి ద్వారా పరికరంతో మాట్లాడుకుని కేటాయిస్తోందని అర్థం. ఆ అమరికను మార్చకండి. రేపు స్విచ్‌ను తొలి అమరికలకు తీసుకువెళ్లినా, వేరే తయారీ స్విచ్ కొన్నా ముందుగా చూడవలసింది ఇదే.

పరిష్కారానికి 48 పోర్టుల స్విచ్ అక్కరలేదు. పైగా 48 పోర్టులు ఉండి అదే 370 వాట్లు ఇచ్చే నమూనాలు కూడా ఉన్నాయి. అలాంటిది కొంటే ఖర్చు పెరిగి సమస్య ఉన్నచోటే ఉంటుంది. మీ ఎనిమిది కెమెరాలను ఎనిమిది పీఓఈ పోర్టులు, విడిగా అప్‌లింక్ పోర్టులు ఉన్న చిన్న స్విచ్ మీదికి మార్చండి. కెమెరాలకు కావలసింది 57, 54 కలిపి 111 వాట్లు కాబట్టి, దాని బడ్జెట్ 150 వాట్లకు తగ్గకూడదు. ఇలాంటి చిన్న స్విచ్‌లలో 60 వాట్లు, 120 వాట్లు ఇచ్చేవే ఎక్కువగా కనిపిస్తాయి, పెట్టె మీది అంకె చూసి తీసుకోండి. పాత స్విచ్ మీద 264 వాట్ల భారమే మిగులుతుంది, అంటే బడ్జెట్‌లో 71 శాతం. నా లెక్కలో 80 శాతం దాటని అమరికే ఆరోగ్యకరమైనది, ఎందుకంటే వచ్చే ఏడాది మీరు మార్చే యాక్సెస్ పాయింట్ ఇప్పటిదాని కంటే ఎక్కువే అడుగుతుంది. ఈలోగా ఈ రాత్రికే చేయగలిగింది ఒకటి ఉంది: కెమెరాల పోర్టులకు అత్యధిక ప్రాధాన్యం, మెట్ల దగ్గరో భోజనశాలలోనో పక్క పాయింట్ సిగ్నల్ అందే చోట ఉన్న యాక్సెస్ పాయింట్లకు అత్యల్ప ప్రాధాన్యం ఇవ్వండి. అప్పుడు ఏది ఆగాలో స్విచ్ కాక మీరు నిర్ణయించినట్టు అవుతుంది.

రెండు గంటల బ్యాకప్ లెక్క దీని నుంచే వస్తుంది. పాత స్విచ్ ఇచ్చే 264 వాట్లకు దాని సొంత వాడకం 50 కలిపితే 314, పవర్ సప్లై సామర్థ్యం 88 శాతం అనుకుంటే గోడ దగ్గర 357 వాట్లు. కెమెరాల స్విచ్‌కు 111 వాట్లకు సొంత వాడకం 15 కలిపితే అదే లెక్కన 143 వాట్లు. మొత్తం 500 వాట్లు. 1 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్ 800 వాట్లకు తగ్గకుండా ఇచ్చేదైతే దీనికి ధారాళంగా చాలుతుంది. బ్యాటరీ దగ్గరే చాలామంది తప్పుతారు. రెండు గంటలకు 1,000 వాట్-అవర్లు, యూపీఎస్ నష్టాలు కలిపి దాదాపు 1,180 కావాలి. 12 వోల్టుల 65 ఆంపియర్-అవర్ బ్యాటరీలు మూడు వరుసగా కలిపితే కాగితం మీద 2,340 వాట్-అవర్లు కనిపిస్తాయి, అవసరానికి రెట్టింపు అనిపిస్తుంది. కానీ ఆ ఆంపియర్-అవర్ అంకె పది లేదా ఇరవై గంటలపాటు నెమ్మదిగా వాడినప్పటిది. రెండు గంటల్లో పిండుకుంటే అందులో సుమారు మూడింట రెండు వంతులే వస్తుంది, అంటే 1,560. బ్యాటరీ పాతబడి సామర్థ్యం 80 శాతానికి తగ్గిన రోజున 1,250. అప్పటికీ మీకు కావలసిన 1,180 దొరుకుతుంది కాబట్టి ఆ పరిమాణం సరైనది. ఇంత పెద్ద బ్యాటరీలను మామూలు 1 కేవీఏ యూపీఎస్‌లోని ఒక ఆంపియర్ చార్జరు నింపలేదు, లాంగ్ బ్యాకప్ మోడల్ అని అడిగి, చార్జరు ఆరు ఆంపియర్లకు తగ్గకుండా ఉండేలా చూసుకోండి.

వేడి సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. ఆ 500 వాట్లలో 375 వాట్లు కేబుళ్ల వెంట బయటికి వెళ్లి గదుల్లోనూ ప్రహరీ మీదా ఖర్చవుతాయి. ర్యాక్ దగ్గర వేడిగా మారేది స్విచ్‌లది 125 వాట్లు, దానికి తోడు యూపీఎస్ సొంత నష్టం కొంత. దానికి ఏసీ పెట్టమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, గాలి ఆడే చోటు, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు. బ్యాటరీలకు మాత్రం నీడ, చల్లదనం కావాలి. 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకూ లెడ్-యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు స్థూలంగా సగానికి పడిపోతుంది, మీ జిల్లా మే నెలలో పై అంతస్తు రేకుల గదిలో పెడితే ఏమవుతుందో ఊహించవచ్చు.

ప్రధాన స్విచ్‌లో రెండు పవర్ సప్లైలు ఉండటం మంచిదే. కానీ వాటిని ఒకే యూపీఎస్‌కు కలిపితే పవర్ సప్లై కాలిపోవడం నుంచే రక్షణ దొరుకుతుంది, యూపీఎస్ ఆగిపోతే రెండూ కలిసే ఆగుతాయి. ఒకదాన్ని యూపీఎస్‌కు, రెండోదాన్ని వేరే ఎంసీబీ మీదుగా మరో యూపీఎస్‌కు, అది లేకపోతే సర్జ్ రక్షణ ఉన్న నేరు లైనుకు కలపండి. తరువాత స్విచ్‌లో పవర్ సప్లై అమరిక ఏ పద్ధతిలో ఉందో చూడండి. రెండింటి శక్తినీ కలిపి వాడే పద్ధతిలో ఉంటే, ఒకటి పోయినప్పుడు మిగిలినది మొత్తం భారాన్ని మోయలేక స్విచ్ కొన్ని పీఓఈ పోర్టులను వదిలేయవచ్చు. ఒకటి పనిచేస్తూ మరొకటి సిద్ధంగా ఉండే పద్ధతిలో పెట్టి, మీ మొత్తం భారం ఒక్క పవర్ సప్లై ఇవ్వగలిగిన దానిలో 80 శాతం దాటకుండా చూసుకోండి. రెండు యూపీఎస్‌లు పెట్టినప్పుడు సాధారణంగా ఒక్కోదాని మీద సగం భారమే కనిపిస్తుంది. ఆ సగాన్ని చూసి చిన్న యూపీఎస్ కొనకూడదు, రెండోది ఆగిన క్షణాన పూర్తి భారం దీని మీదే పడుతుంది. సెలవు రోజున ఒక తీగ లాగి చూడనిదే ఈ ఏర్పాటును నమ్మవద్దు.

ఇక ఫైబర్. కొలమానం గురించి రెండు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను. 0 డీబీఎం అంటే ఒక మిల్లీవాటు కాంతి. ప్రతి 3 డెసిబెళ్ల నష్టానికీ కాంతి సగమవుతుంది, ప్రతి 10కీ పదోవంతు అవుతుంది. భాగహారాలు తీసివేతలుగా మారిపోవడమే ఈ కొలమానంలోని సౌకర్యం. సాధారణంగా దొరికే 10 కిలోమీటర్ల 1 గిగాబిట్ మాడ్యూల్ కనీసం −9.5 డీబీఎం కాంతి పంపుతుంది, −19 డీబీఎం దాకా తగ్గినా చదవగలదు. తేడా 9.5 డెసిబెళ్లు, అదే ఆ లింకుకు ఉన్న బడ్జెట్.

దారిలో ఎంత పోతుందో చూద్దాం. మామూలు సింగిల్ మోడ్ ఫైబర్‌లో 1310 నానోమీటర్ల కాంతి కిలోమీటరుకు సుమారు 0.35 డెసిబెళ్లు కోల్పోతుంది, 16 కిలోమీటర్లకు 5.6. కేబుల్ డ్రమ్ము రెండు కిలోమీటర్లదనుకుంటే దారిలో ఏడు స్ప్లైసులు (ఫైబర్ అతుకులు), రెండు చివరల పిగ్‌టెయిళ్ల (కనెక్టర్ బిగించిన పొట్టి ఫైబర్ ముక్కల) దగ్గర రెండు, మొత్తం తొమ్మిది. ఒక్కోదానికి 0.1 చొప్పున 0.9. ప్రాంగణం గేటు దగ్గరా, సర్వర్ గదిలోనూ ప్యానెళ్లు ఉంటాయి కాబట్టి రెండు వైపులా కలిపి నాలుగు కనెక్టర్ జోడులు, 0.5 చొప్పున 2.0. మొత్తం 8.5 డెసిబెళ్లు. 9.5లో 8.5 పోతే మిగిలేది ఒక్క డెసిబెల్. ఇలాంటి లింకులో కనీసం 3 డెసిబెళ్లు మిగులు ఉంచుకోవాలన్నది ఈ పనిలో సాధారణంగా పాటించే నియమం, ఎందుకంటే కేబుల్ తెగడం అనేది మన రోడ్ల పక్కన అరుదైన సంఘటన కాదు, తెగిన ప్రతిసారీ మధ్యలో ముక్క వేసి అతికిస్తే రెండు స్ప్లైసులు కొత్తగా చేరతాయి, లేజర్ కూడా ఏళ్లు గడిచేకొద్దీ మందగిస్తుంది. అంటే మీ లింకు మొదటి రోజు నుంచీ అంచు మీదే నడుస్తోంది. మీ మాడ్యూల్ కనిష్ఠం కంటే ఎక్కువగా −6.0 పంపుతోంది కాబట్టే ఇంతకాలం నిలబడింది.

మీరు పంపిన రెండు అంకెలు ఇక్కడ చాలా చెబుతున్నాయి. పంపింది −6.0, అందింది −17.4, అంటే దారిలో 11.4 డెసిబెళ్లు పోయాయి. లెక్క ప్రకారం పోవలసింది 8.5. దాదాపు 3 డెసిబెళ్లు, అంటే అందవలసిన కాంతిలో సగం, ఎక్కడో అదనంగా పోతోంది. మరమ్మతులో చేరిన రెండు స్ప్లైసులు సవ్యంగా ఉంటే 0.2కు మించి తినవు. అయితే మాడ్యూల్ తనంతట తాను చూపే ఈ అంకెలకు ప్రమాణం 3 డెసిబెళ్ల దాకా తేడాను అనుమతిస్తుంది కాబట్టి, వాటి మీదే తీర్పు చెప్పకుండా పవర్ మీటరుతో రెండు చివరలా కొలిపించండి. ఆ పైన తేడా నిజమేనని తేలితే, ఓటీడీఆర్ పరీక్షను (కాంతి స్పందన పంపి, వెనక్కి వచ్చేదాన్ని బట్టి ఏ దూరంలో ఎంత నష్టమో చూపేది) 1310, 1550 నానోమీటర్లు రెండింటి మీదా చేయమని అడగండి. ఒక చోట మెట్టులా కాంతి పడిపోయి, ఆ మెట్టు 1310లో చిన్నదిగా, 1550లో పెద్దదిగా కనిపిస్తే అక్కడ ఫైబర్ వంగి నలిగిందని అర్థం. జాయింట్ క్లోజర్‌లో ట్రే మీద కోర్‌ను బిగువుగా చుట్టి మూత పెట్టేస్తే ఇలాగే అవుతుంది. రెండింటిలోనూ మెట్టు ఇంచుమించు ఒకేలా ఉంటే స్ప్లైసునో కనెక్టర్‌నో అనుమానించాలి. వంపు అయితే మీరు 1550 నానోమీటర్లకు మారిన రోజున నష్టం ఇంకా పెరుగుతుంది కాబట్టి ఈ పరీక్షను తప్పించుకోవద్దు.

ఓటీడీఆర్ బృందాన్ని పిలిచే ముందు మీ చేతిలో ఉన్నవి రెండు. కనెక్టర్ల మొనలను క్లీనర్‌తో శుభ్రం చేసి మళ్లీ కొలవండి. కంటికి కనిపించని ధూళి రేణువు ఒక డెసిబెల్‌ను సునాయాసంగా మింగుతుంది. తరువాత మరమ్మతు చేసినవారు పిగ్‌టెయిల్ మార్చారేమో చూడండి. ఇళ్లకు ఫైబర్ ఇచ్చే బృందాల దగ్గర పచ్చ రంగు ఏపీసీ పిగ్‌టెయిళ్లే ఎక్కువగా ఉంటాయి. వాటి మొన ఎనిమిది డిగ్రీల ఏటవాలుగా ఉంటుంది. దానికి ఎదురుగా, మొన ఏటవాలుగా లేని నీలం రంగు యూపీసీ ప్యాచ్ కార్డును గుచ్చితే రెండు మొనలూ సరిగ్గా ఆనవు, లింకు పనిచేస్తున్నట్టే ఉండి పలు డెసిబెళ్లు పోతాయి. పచ్చకు పచ్చ, నీలానికి నీలం ఉండాలి. మాడ్యూల్ వైపు నీలం, ప్యానెల్ వైపు పచ్చ ఉన్న ప్యాచ్ కార్డులు విడిగా దొరుకుతాయి.

10 గిగాబిట్ విషయానికి వస్తే, 10 కిలోమీటర్ల ఎల్‌ఆర్ మాడ్యూల్‌కు ప్రమాణం అనుమతించే దారి నష్టం 6.2 డెసిబెళ్లు మాత్రమే. మీకు 8.5 ఉంది కాబట్టి దాని మాట వదిలేయండి. 40 కిలోమీటర్ల ఈఆర్ మాడ్యూల్ 1550 నానోమీటర్ల మీద పనిచేస్తుంది. ఆ కాంతికి కిలోమీటరుకు 0.25 డెసిబెళ్లు పెట్టుకున్నా 16 కిలోమీటర్లకు 4.0, స్ప్లైసులూ కనెక్టర్లూ కలిపి 6.9. ఈఆర్‌కు అనుమతించిన నష్టం 10.9. మిగులు సరిగ్గా 4 డెసిబెళ్లు, మనం కోరిన 3 కంటే ఎక్కువ. దూరం పెరిగేకొద్దీ కాంతి స్పందనలు పరుచుకుపోయే డిస్పర్షన్ 10 గిగాబిట్ వేగంలో పట్టించుకోవలసినదే అయినా, 40 కిలోమీటర్లకు తట్టుకునేలా చేసిన మాడ్యూల్‌కు 16 ఒక లెక్క కాదు.

ఇప్పుడు లెక్కను తిరగేయాలి. ఈఆర్ మాడ్యూల్ గరిష్ఠంగా +4.0 డీబీఎం పంపవచ్చు. అవతలి రిసీవర్ −1.0 డీబీఎం కంటే ఎక్కువ కాంతిని తట్టుకోలేదు. అంటే దారిలో కనీసం 5 డెసిబెళ్లు పోవాలి. ఈ లెక్కకు చెడ్డ అంకెలు కాదు, మంచి అంకెలు వాడాలి: ఫైబర్ కిలోమీటరుకు 0.2 మాత్రమే కోల్పోయి, స్ప్లైసులు 0.05 చొప్పున, కనెక్టర్లు 0.25 చొప్పున చక్కగా కుదిరితే మొత్తం నష్టం 4.65. అవసరమైన 5 కంటే కొంచెం తక్కువ. కాబట్టి 1550 మీద కొలిచిన నష్టం 5 డెసిబెళ్లకు దిగువన వస్తే అందుకునే చివర, కాంతిని కావాలని తగ్గించే 3 డెసిబెళ్ల అటెన్యుయేటర్ పెట్టాలి. 6 దాటితే అక్కరలేదు. మధ్యలో వస్తే పెట్టడమే మంచిది, ఎందుకంటే పెట్టాక కూడా మొత్తం 9 డెసిబెళ్లకు లోపే ఉంటుంది. రెండు కోర్ల నష్టం ఒకేలా ఉండనవసరం లేదు కాబట్టి రెండు దిశలనూ విడివిడిగా కొలిచి నిర్ణయించండి.

80 కిలోమీటర్ల జెడ్‌ఆర్ మాడ్యూళ్లను ఇదే కొలతతో చూడండి. అది ఐఈఈఈ ప్రమాణంలో లేని రకం, తయారీదారులు తమలో తాము కుదుర్చుకున్న అంకెలతో వస్తుంది. సాధారణంగా 0 నుంచి +4 డీబీఎం పంపుతుంది, రిసీవర్ −24 దాకా చదవగలదు కానీ −7 కంటే ఎక్కువ కాంతిని భరించలేదు. మీ దారిలో 6.9 పోయినా +4 నుంచి అందేది −2.9, అంటే హద్దుకు 4 డెసిబెళ్లు పైన. తప్పులు కుప్పలుగా వస్తాయి, హద్దును బాగా మించితే రిసీవర్ శాశ్వతంగా దెబ్బతినవచ్చు కూడా. ఎక్కువ డబ్బు పెట్టి ఎక్కువ కాంతి కొని, ఆ కాంతిని చంపడానికి మళ్లీ అటెన్యుయేటర్లు కొనడం ఎందుకు? కొటేషన్ ఇచ్చినవారు దూరం అంకెను ఎంత పెద్దదైతే అంత భద్రం అనుకున్నారు. లోపలి ప్రాంగణంలో ఒక కిలోమీటరు లోపు లింకులకు 10 కిలోమీటర్ల ఎల్‌ఆర్ నిశ్చింతగా వాడవచ్చు, ఎందుకంటే అది పంపే గరిష్ఠమూ తట్టుకునే గరిష్ఠమూ రెండూ 0.5 డీబీఎమ్మే.

ఒక్క సంగతి మాత్రం ముందుగా చూసుకోండి: ఈ లింకులో రద్దీ సమయంలో వాడకం ఎంత? గ్రాఫు 300 మెగాబిట్ల దగ్గరే ఆగుతుంటే, ఆ 3 డెసిబెళ్ల దొంగను పట్టుకుని, 1 గిగాబిట్ 40 కిలోమీటర్ల మాడ్యూళ్లు వేసుకుంటే ఈ సంవత్సరానికి సరిపోతుంది. వాటికీ కనిష్ఠ నష్టం లెక్క వేయవలసిందే.

10 గిగాబిట్ తప్పదనుకుంటే కొనుగోలు ఉత్తర్వులో దూరం ఒక్కటే రాయకుండా, మాడ్యూల్ పంపే కనిష్ఠ, గరిష్ఠ కాంతి, రిసీవర్ చదవగల కనిష్ఠం, తట్టుకోగల గరిష్ఠం, ఈ నాలుగు అంకెలూ రాసి ఇవ్వమని అడగండి. ఫైబర్ అద్దె ఒప్పందాన్ని పొడిగించేటప్పుడు ఒక్కో కోర్‌లో 1550 నానోమీటర్ల దగ్గర చివర నుంచి చివరకు నష్టం 7 డెసిబెళ్లు మించరాదనీ, ప్రతి మరమ్మతు తరువాత రెండు దిశల నుంచీ ఓటీడీఆర్ నివేదిక ఇవ్వాలనీ చేర్పించండి. మాడ్యూళ్లతో పాటు ఎల్‌సీ యూపీసీ రకం 3 డెసిబెళ్ల అటెన్యుయేటర్లు రెండు తెప్పించి ఉంచుకోండి, కొలతలు వచ్చేదాకా సంచి విప్పనవసరం లేదు.